కమడోర్ నాడి

"తండ్రి సంతకం కావాలంటారా?"

డాక్టర్ గొర్లె తవిటమ్మ ఫోన్‌లో అరిచిన అరుపుకి ప్రయోగశాల కిటికీ మీద కూర్చున్న పావురాలు లేచిపోయాయి.

"తండ్రి ఇక్కడున్నట్టు చీమకి కూడా తెలీకూడదన్నది మీరే కదండీ! లేనివాడు సంతకం ఎలా పెడతాడు?"

అవతల దుర్వాసుల కామేశం గొంతు ఎప్పటిలాగే చల్లగా ఉంది. "అదేనమ్మా చిక్కు. మైనరు పిల్లని దేశంలోకి రానివ్వాలంటే తండ్రి సంతకం ఉండాలని ఒక శాఖ అంటోంది. ఆ తండ్రి అధికారికంగా మన దేశంలో లేడు కాబట్టి అతని సంతకం చెల్లదని ఇంకో శాఖ అంటోంది. ఫైలు తిరుగుతోంది."

"మీ ఫైలు తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ నా తమ్ముడి గుండె ఏమైపోవాలి?"

"పైనుంచి రావాలమ్మా. నా చేతిలో ఏముంది?"

ఇంటిపేరు దుర్వాసుల అయినా ఆ మనిషికి కోపమన్నది రాదు. గూఢచారి శాఖలో అంత పెద్ద హోదాకి ఎదిగింది ఆ చల్లదనంతోనే అంటారు. ఆయన వాటా కోపం కూడా తవిటమ్మకే వచ్చినట్టుంది. ఫోన్ బల్ల మీద పడేసి ఆవిడ తెరవైపు తిరిగింది.

తెర మీద రెండు గీతలు పరుగెడుతున్నాయి. ఎర్రగీత కమడోర్ తేషిక్ నాడి, ఆయన గుండె నుంచి ముందే తీసి భద్రపరిచినది. పచ్చగీత అరకులోయలో ఉన్న తమ్ముడు అసిరయ్యది, ఇప్పటికిప్పుడు కొట్టుకుంటున్నది. వెంట్రుకవాసి తేడా లేకుండా పచ్చగీత ఎర్రగీతని కప్పేసింది. శాస్త్రవేత్తగా చూస్తే గొప్ప విజయమే. తోబుట్టువుగా చూస్తే ఆ పచ్చగీతలో తమ్ముడి జాడే లేదు.

తేషిక్‌ది సముద్రం అవతల ఓర్వాన్ అనే ద్వీపదేశం. అక్కడ నౌకాధికారి అయిన ప్రతివాడికీ మెడ ఎముక కింద నూకగింజంత బిళ్ళ కుడతారు. అది వాడి నాడినీ, చెమటనీ, ఉన్న చోటునీ ఎప్పటికప్పుడు వాళ్ళ రాజధానికి చేరవేస్తుంది. పారిపోదామనుకున్న గుండె ఎలా కొట్టుకుంటుందో అక్కడి యంత్రానికి కంఠతా వచ్చు. బిళ్ళ తీసి పారేసినా, నాడి ఆగినా, తేడా కొట్టినా ముందు వాడి పిల్లల్ని పట్టుకుపోతారు. అందుకే అధికారుల పిల్లలంతా ఒడ్డున ఒకే వసతిగృహంలో పెరుగుతారు. రికార్డు చేసిన నాడి వినిపిస్తే ఆ యంత్రం నమ్మదు. మధ్యమధ్య ఒంట్లో చిన్న చురుకు పుట్టించి, ఆ మనిషి ఉలిక్కిపడే తీరు కూడా చూసుకుంటుంది. దాన్ని మోసం చెయ్యాలంటే బతికున్న మనిషే కావాలి, అదీ తేషిక్‌లా ఉలిక్కిపడే మనిషి.

అలాంటి మనిషిని తయారుచేసే పట్టీ ప్రపంచం మొత్తం మీద తవిటమ్మ దగ్గరే ఉంది. దానికామె లయజోడు అని పేరు పెట్టుకుంది. పుట్టుకతోనే గుండె లయ తప్పిన పిల్లల కోసం ఏళ్ళ తరబడి కష్టపడి చేసింది. రొమ్ముకి కట్టిన పట్టీ, ఆరోగ్యంగా ఉన్న గుండె తీరుని రోగి గుండెకి నేర్పుతుంది, అక్షరాభ్యాసం నాడు పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు. పిల్లలకని చేసిన వస్తువు కామేశం కంట పడింది.

ముందు సైనికులకి కట్టి చూశారు. ఒక్కడి గుండె కూడా తేషిక్ లయని పూటకి మించి నిలుపుకోలేదు. ఆఖరికి నిలుపుకున్నది అసిరయ్య. బొబ్బిలి దగ్గర పాలకేంద్రం నడుపుకునే అసిరయ్య, తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. మెడలోంచి రొమ్ము మీదికి వేలాడే రేకుతప్పెటని రెండు చేతులతో వాయిస్తూ, ఎగురుతూ, పాడుతూ ముప్పయ్యేళ్ళుగా లయ తప్పనివాడు. ఒకసారి పట్టిన దరువుని వదలడు. అక్క అడిగింది, ఎవరో పరాయిదేశపు పసిపిల్ల ప్రాణం దీనిమీద ఉందని చెప్పింది. "దానికేటప్పా" అన్నాడు. అంతే, బిళ్ళ తేషిక్ మెడలోంచి అసిరయ్య మెడలోకి మారింది.

ఓర్వాన్ లెక్కలో కమడోర్ తేషిక్ ఇప్పుడు అరకులోయ అతిథిగృహంలో సెలవు మీద విశ్రాంతి తీసుకుంటున్నాడు. అసలు తేషిక్ విశాఖలో ఒక మేడ మీద తలుపులు వేసుకుని కూర్చున్నాడు. ఎల్మీ అనే అతని కూతురు అక్కడి వసతిగృహంలో ఉంది. ఆ పిల్లని తెచ్చే పడవ సిద్ధం, పడవవాళ్ళు సిద్ధం. లేనిదల్లా అనుమతి కాగితం.

*

తవిటమ్మ అరకు వెళ్ళేసరికి తమ్ముడి భార్య పైడమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. మొగుణ్ణి ఒంటరిగా వదలనని పట్టుబట్టి వంటమనిషిగా వచ్చి చేరింది.

"వదినా, ఈ మనిసి నా మనిసి కాడు. పక్క దిగీసరికి దుప్పటి మడతెట్టీసి, కిటికీ కాడ నిటారుగా నిలబడతన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడైనా దుప్పటి మడతెట్టినాడేటి?"

"అది మంచిదే కదే!"

"నీకు నవ్వులాటగుంది. చప్పిడి కూడు పెట్టమన్నావు, పెడతన్నాను. ఎండుసేప లేదు, పచ్చిమిరగాయ లేదు. అయినా తింతన్నాడు వదినా! కిక్కురుమనకుండా తింతన్నాడు. నాకదే బయం."

కారం తింటే నాడి ఎగురుతుంది, చెమట పడుతుంది, తేషిక్ ఒంటికి ఆ సంగతులు తెలీవు. అందుకని చప్పిడి తిండి. కానీ అసిరయ్య దాన్ని అంత శాంతంగా తింటాడని తవిటమ్మ కూడా అనుకోలేదు. గుండె తీరు మారితే ఊపిరి మారుతుంది, ఊపిరితోపాటు నిద్ర మారుతుంది. ఇంకా ఏమేం మారతాయో ఆవిడ ఏ పరిశోధనా పత్రంలోనూ రాయలేదు, తెలిస్తే కదా రాయడానికి!

అసిరయ్య కిటికీ దగ్గర నిలబడి కాఫీతోటల కేసి చూస్తున్నాడు. అక్కని చూసి నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"ఎలా ఉన్నావురా?"

"బాగానే ఉన్నానప్పా." రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇక్కడ సెయ్యేసుకుంటే ఎవుడో పరాయోడు తలుపు కొడతన్నట్టుంటది. అంతే. బల్ల మీద ఏళ్ళతో దరువేద్దామని కూకున్నాను. మొదలెడితే రాదు. ఏళ్ళు ఆడతన్నాయి గానీ లోపల తాళం ఏరే ఉంది."

తవిటమ్మ అతని నాడి పట్టుకుంది. యంత్రాలన్నీ ఉన్నా చేత్తో చూస్తేగానీ ఆవిడకి తృప్తి ఉండదు. చేతి కింద కొట్టుకుంటున్నది నెమ్మదైన, బరువైన నాడి. ఆ నాడితో తమ్ముడు ఎప్పుడూ లేడు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడుపు వచ్చినప్పుడల్లా తిట్టడం ఆవిడ అలవాటు.

"నీ లయ నా దగ్గర భద్రంగా ఉందిరా వెధవా. నువ్వు తప్పెట వాయిస్తుంటే తీసి దాచాను. బిళ్ళ తీసిన మర్నాడే పట్టీ కట్టి నీది నీకు ఇచ్చేస్తాను."

"ఎంతలోపు ఇవ్వాలప్పా?" అతను నెమ్మదిగా అడిగాడు.

అబద్ధం చెబుదామనుకుంది, నోరు రాలేదు. "వచ్చే అమావాస్య లోపు. అది దాటితే గుండె ఈ లయకే గట్టిపడిపోతుంది. తర్వాత ఏ పట్టీ పనిచెయ్యదు."

వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది. పైడమ్మ వింటూనే ఉంది.

*

తేషిక్ తెలుగు మాట్లాడతాడు. ఓడల మరమ్మతు పనుల మీద విశాఖలో రెండేళ్ళున్నాడు, రేవులో పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. తవిటమ్మ లోపలికి రాగానే, "నా నాడి ఎలా ఉంది?" అని అడిగాడు, ఊళ్ళో వదిలొచ్చిన పిల్ల గురించి అడిగినట్టు.

"మీ నాడి రాయిలా ఉంది. నా తమ్ముడే కరిగిపోతున్నాడు."

అతను తలవంచుకున్నాడు. పొడుగాటి మనిషి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. చేపల పడవలు తిరిగే సముద్రంలో మందుపాతరలు పరిచింది అతని ఓడే. పరవమన్నది పైవాళ్ళు. మొదటి పడవ పేలి పిల్లలు చచ్చిన రోజు ఇక ఆ కొలువు చెయ్యనని అనుకున్నాడట. ఏ మందుపాతర ఎక్కడుందో మొత్తం అతని బుర్రలో ఉంది. కామేశం శాఖకి కావలసింది అదే. కూతురు ఈ ఒడ్డున కాలు పెట్టాకే నోరు విప్పుతానని తేషిక్ ఒకటే మాట మీద కూర్చున్నాడు. కాలు పెట్టనివ్వాల్సింది కామేశం పైవాళ్ళే. చెబితేగానీ కాగితం రాదు, కాగితం వస్తేగానీ చెప్పడు. ఈ మధ్యలో అసిరయ్య.

"ముందు ఆ మందుపాతరల సంగతి చెప్పెయ్యొచ్చు కదా!" అంది తవిటమ్మ విసుగ్గా. "కాగితం బేగి కదులుతుందేమో."

"చెప్పేస్తే, తర్వాత ఎల్మీ కోసం ఎవరు పడవ పంపుతారు?"

కామేశం మంచివాడే, కానీ పని అయ్యాక ఆయన శాఖ ఎలా మరిచిపోతుందో ఆవిడకీ తెలుసు.

తేషిక్ రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. బిళ్ళ తీసిన గాటు ఇంకా ఎర్రగా ఉంది. "ఎల్మీకి మాటలు రాని రోజుల్లో వాళ్ళమ్మ పోయింది. అప్పట్నుంచి నా రొమ్ము మీద చెవి పెట్టుకుంటేనే నిద్ర. నేను సముద్రంలో ఉంటే, తిరిగొచ్చేదాకా సరిగ్గా పడుకోదు. వసతిగృహం ఆయాలు తిడుతూ ఉత్తరాలు రాసేవాళ్ళు." నవ్వబోయి మానేశాడు. "మీ తమ్ముడికి చెప్పండి, నేను చాలా సిగ్గుపడుతున్నానని."

"సిగ్గు ఎందుకు లెండి. సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకి తీరికలేదు."

*

పండగ దగ్గరపడింది. గంగమ్మ పండగకి జట్టుపెద్ద మొదటి దెబ్బ వేస్తేనే తప్పెటగుళ్ళ జట్టు ఆట మొదలెడుతుంది. ఆయన ముట్టని తప్పెట ఆ ఏడు మోగదు. అసిరయ్య ఏదో పని మీద దూరం వెళ్ళాడని ఊళ్ళో చెప్పి ఉంచారు. జట్టువాళ్ళు పైడమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ రెండుసార్లు అబద్ధమాడింది. మూడోసారి ఏడ్చేసి, ఎక్కడున్నాడో చెప్పేసింది. "మీరొచ్చి వాయిస్తే నా మనిసి నాకొస్తాడేమో, రండర్రా!"

జీపు నిండా తప్పెటలు వేసుకుని వాళ్ళు అరకు వచ్చారు.

అతిథిగృహానికి కాపలా లేకపోలేదు. తోటమాలుల వేషంలో కామేశం మనుషులు ఇద్దరున్నారు. విదేశీయులు, కెమెరాలు, తెలియని కార్లు, వీటన్నిటికీ వాళ్ళ దగ్గర ఆదేశాలున్నాయి. గజ్జెలు కట్టుకుని, రంగుచొక్కాలు వేసుకుని తప్పెటగుళ్ళవాళ్ళు వస్తే ఏం చెయ్యాలో ఏ ఆదేశంలోనూ లేదు. అందులో ఒకడిది పార్వతీపురం. "పండగ జట్టురా, ఆపితే గంగమ్మ ఊరుకుంటదేటి?" అని వాడే గేటు తీశాడు. తీసి, చేతిలోని కత్తెర పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు.

విశాఖలో తెర ముందు మజ్జిగ తాగుతున్న తవిటమ్మకి మొదట అర్థంకాలేదు. పచ్చగీత ఎర్రగీతని వదిలేసింది. ఒక్క ఉదుటున పైకి లేచింది, గెంతింది, చిందులేసింది. ఆ చిందు ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు వాకిట్లో కంచం బోర్లించి తమ్ముడు వాయించిన చిందు.

ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎత్తాడు. వెనక తప్పెటలు హోరెత్తిపోతున్నాయి.

"అప్పా! వచ్చీసిందప్పా!" అసిరయ్య రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "నా లయ వచ్చీసింది! ఒక్క దెబ్బ ఏద్దామని ముట్టుకున్నాను, లోపల్నించి తన్నుకొచ్చీసింది!"

అంత సంతోషంగా తమ్ముడి గొంతు విని ఎన్నాళ్ళయిందో! తవిటమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆపెయ్‌రా."

"అప్పా..."

"ఆపెయ్‌రా నాయనా! పిల్ల చచ్చిపోద్దిరా!"

తప్పెటలు ఒక్కొక్కటీ ఆగిపోవడం ఫోన్‌లో వినిపించింది.

ఆవిడ అరకు చేరేసరికి సాయంత్రం ఎండ గుమ్మంలో పడుతోంది. ఈలోగా యంత్రం చురుకు మీద చురుకు పెట్టింది. ఓర్వాన్ రాయబార కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. కమడోర్ గారు మెట్ల మీంచి పడ్డారని, మాత్ర వేసుకుని పడుకున్నారని తోటమాలి వేషగాడు చెప్పాడు. అసిరయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతను ముట్టుకున్న తప్పెట పక్కనే ఉంది. లయజోడు పట్టీ తీసుకుని ఆవిడ ఎదురుగా నిలబడింది. తేషిక్ నాడిని మళ్ళీ ఎక్కించాలి. మొదటి అచ్చు ఆరకముందే మళ్ళీ ఎక్కిస్తే ఈసారి ఇంకా లోతుకి దిగుతుంది. ఆవిడకి తెలుసు, అతనికీ తెలుసు.

"నేను కట్టలేన్రా," అంది.

అసిరయ్య చొక్కా బొత్తాలు తనే విప్పుకున్నాడు. "కట్టప్పా. తప్పు నాదే కదా."

"నాది," అంది పైడమ్మ గుమ్మంలోంచి. "పిలిసింది నాను."

"మీ ఇద్దరిదీ కాదు!" తవిటమ్మ అరిచింది. పట్టీ కడుతూ అరుస్తూనే ఉంది, ఢిల్లీని, శాఖల్ని, ఫైలుని, చదువుకున్న తనని. "ఒక్క కాగితం! ఒక్క ముద్ర పడితే వారం కిందటే ఈ పీడ వదిలేది!" అరుపులు అరుపులే, చేతులు మాత్రం పని పూర్తిచేశాయి. పచ్చగీత మళ్ళీ ఎర్రగీత కిందికి పోయింది.

*

మర్నాడు కామేశం చల్లగా చెప్పిన మాట ఏమిటంటే, ఓర్వాన్‌వాళ్ళకి అనుమానం తగిలింది. కమడోర్ కూతుర్ని ఒడ్డు మీది వసతిగృహం నుంచి లోపలి కోటకి మార్చబోతున్నారు. కోటలోకి వెళితే ఏ పడవా అందుకోలేదు.

"అయితే పడవని ఇప్పుడే పంపండి!"

"కాగితం లేకుండా పంపితే అది చొరబాటమ్మా. పైనుంచి రావాలి."

ఆవిడ ఫోన్ పెట్టేసి తిన్నగా తేషిక్ దగ్గరికి వెళ్ళింది. చెప్పకూడదని నిబంధన. తండ్రికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతామని ఆవిడ వాదన. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

తేషిక్ లేచి కిటికీ తీశాడు. సముద్రం కనిపిస్తోంది. "బిళ్ళ ఉన్నన్నాళ్ళూ భయపడటానికి కూడా భయంగా ఉండేది. ఇప్పుడు హాయిగా భయపడుతున్నాను," అన్నాడు. తర్వాత టీ తాగుతారా అని ఆవిణ్ణి మర్యాదగా అడిగాడు. తెల్లారేసరికి మేడ ఖాళీ. సిద్ధంగా ఉంచిన పడవ కూడా రేవులో లేదు.

ఆ తర్వాతి రోజులు అసిరయ్య అరకులో చేసిందల్లా శాంతంగా ఉండటం. కమడోర్ సముద్రం మీద ప్రాణాలకి తెగించి పోతుంటే, కమడోర్ నాడి కాఫీతోటల కేసి చూస్తూ నిదానంగా కొట్టుకుంది. తప్పెటని పైడమ్మ పాత చీరలో చుట్టి కంటికి కనబడకుండా దాచింది. అమావాస్య దగ్గరికొచ్చేసింది. తవిటమ్మ రోజూ ఫోన్ చేసి కామేశాన్ని తిడుతూనే ఉంది. ఆయన రోజూ వింటూనే ఉన్నాడు.

చివరికి పడవ వచ్చింది. చేపల రేవులో, మిట్టమధ్యాహ్నం, పీతల బుట్టల మధ్య.

జరిగింది పడవవాళ్ళు రేవు మెట్ల మీదే తవిటమ్మకి చెప్పారు. తేషిక్ వసతిగృహం గోడ దూకి పిల్లని ఎత్తుకొచ్చాడు. తిరిగి వస్తుంటే ఓర్వాన్ గస్తీ ఓడ ఎదురుపడింది. దొంగరవాణా పడవ అనుకున్నారు. కాల్చే ముందు, తమ అధికారులు ఎవరైనా ఆ దారిలో ఉన్నారా అని యంత్రాన్ని అడిగారట, రేడియోలో అంతా వినపడింది. కమడోర్ తేషిక్ అరకులోయలో విశ్రాంతిగా ఉన్నట్టు యంత్రం చెప్పింది. కాల్చారు. చీకటి, వాన, పడవ తప్పించుకుంది. ఇక్కడి దీపస్తంభం కనపడకముందే తేషిక్ పోయాడు. పిల్ల అతని రొమ్ము మీద చెవి పెట్టుకునే ఉందని, వేరు చెయ్యడానికి ముగ్గురు కావలసి వచ్చిందని పడవ నడిపిన సరంగు చెప్పాడు. చెప్పి మొహం తిప్పుకున్నాడు.

తన లయజోడు అంత బాగా పనిచేసింది! తవిటమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

కామేశం కూడా రేవుకి వచ్చాడు. పడవలోకి వంగి చూశాడు. తర్వాత, "మందుపాతరల సంగతి అతనితోనే పోయింది," అన్నాడు. ఇంకొంతసేపటికి, "ఒక్కటి మిగిలిందమ్మా. వాళ్ళ లెక్కలో కమడోర్ ఇంకా బతికే ఉన్నాడు. మీ తమ్ముడు బిళ్ళని ఇంకొన్నాళ్ళు..."

ఆవిడ చూసిన చూపుకి ఆ మాట మధ్యలోనే ఆగింది.

పిల్లని ఎత్తుకుని ఆవిడ అరకుకి కారు ఎక్కింది. వెళ్ళగానే అసిరయ్య మెడలోంచి బిళ్ళని తీసింది. దాన్నేం చెయ్యాలని ఆలోచించే పని పైడమ్మ పెట్టలేదు. రోట్లో ఎండుమిరపకాయలతో పాటు వేసి, చచ్చిన కమడోర్‌కి ఓ దణ్ణం పెట్టి, రోకలితో నుగ్గునుగ్గు చేసింది.

*

మర్నాడే అమావాస్య. పట్టీ ఆ పూట కడితేనే పనిచేస్తుంది.

తవిటమ్మ యంత్రంలో తమ్ముడి పాత లయ సిద్ధం చేసింది. తెర మీద కొత్తగీత గెంతుతోంది, చిందులేస్తోంది. ఒక పూట పట్టీ కట్టుకుని కదలకుండా పడుకుంటే చాలు. చీర విప్పి తప్పెటని మంచం పక్కనే పెట్టింది పైడమ్మ. ఉదయం నుంచీ ఆవిడ మొహంలో పెళ్ళికూతురి కళ ఉంది.

ఎల్మీ గది మూలన గోడకి ఆనుకుని కూర్చుంది. పడవ దిగిన దగ్గర్నుంచీ కన్ను మూయలేదు. పాలు తాగదు, ఏడవదు, ఎవరు ముట్టుకోబోయినా ముడుచుకుపోతుంది. కళ్ళు మూతలు పడుతుంటే తలని గోడకేసి కొట్టుకుని లేస్తోంది.

"ఈ గుంట ఇలాగైతే బతకదు," అని అసిరయ్య మంచం దిగాడు. పిల్ల ముందు కిందే చతికిలబడ్డాడు. మాట్లాడదామంటే దాని భాష రాదు. ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి చాపి పిల్లని దగ్గరికి తీసుకున్నాడు. అది గింజుకుంది, తన్నింది, చేతి మీద కరిచింది. అతను వదల్లేదు. పెనుగులాటలో దాని చెంప అతని రొమ్ముకి తగిలింది.

పిల్ల ఆగిపోయింది.

తల కొంచెం పక్కకి తిప్పి చెవి ఆనించింది. విన్నది. కళ్ళెత్తి అసిరయ్య మొహం చూసింది, ఈ మొహం కాదు. మళ్ళీ చెవి ఆనించింది, ఈ గుండే. ఏదో ఒక మాట అంది. ఆ మాట ఎవరికీ రాదు, కానీ ఏ భాషలోనైనా పిల్లలు ఆ మాటని ఒక్కలాగే పలుకుతారు. అతని చొక్కా పిడికిట్లో బిగించుకుని, వెక్కి వెక్కి ఏడ్చి, ఏడుస్తూనే నిద్రపోయింది.

తవిటమ్మ పట్టీ చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. "పక్క మీదికి మార్చరా. టైము లేదు."

"ఉండప్పా. లేచేదాకా ఉండు."

"లేచేసరికి పొద్దుపోద్ది. తర్వాత కట్టినా అంటదు. నీకు తెలుసు కదా!"

అసిరయ్య పిల్ల తలకేసి చూశాడు. "ఇయ్యాల లేస్తది. రేపు మళ్ళీ దీనికి నిద్దర రావొద్దా? ఎల్లుండో?"

తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలీకుండా మండిపోయింది. కోపంగా నోరు తెరిచి, పిల్ల కదిలితే మూసేసింది. తప్పెట, తెర మీద చిందులేసే గీత, ఒళ్ళో పిల్లతో కదలకుండా కూర్చున్న తమ్ముడు, మూడూ ఒకే గదిలో ఉన్నాయి. ఎవర్ని తిట్టాలి?

పైడమ్మ చాలాసేపు మొగుణ్ణే చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి, వదిన చేతిలోంచి పట్టీ తీసుకుని మడత పెట్టింది. పెట్టెలో పెట్టి మూత వేసింది. తప్పెటని మళ్ళీ పాత చీరలో చుట్టింది. ఆ ముడి వెయ్యడానికి మాత్రం ఆవిడకి చాలాసేపు పట్టింది.

బయట కారు ఆగిన చప్పుడైంది. బూట్లు టకటకలాడించుకుంటూ కామేశం వచ్చాడు. ఇన్నాళ్ళలో ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. చేతిలో కాగితం, దాని మీద రెండు శాఖల ముద్రలు ఉన్నాయి.

"వచ్చేసిందమ్మా! అనుమతి వచ్చేసింది! తండ్రి సంతకం అక్కర్లేదని తేల్చేశారు!"

తవిటమ్మ ఆయనకేసి నడిచింది. తిట్లు పడతాయని ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండి," అంది, ఆయనెప్పుడూ వినని గొంతుతో. "పిల్ల వాళ్ళ నాన్న గుండె మీద పడుకుంది."